చిన్నవాళ్లకి కథలు, పెద్దవాళ్లకి చురకలు

(పిల్లల పుస్తకాల గురించి తల్లిదండ్రులు, ఉపాధ్యాయులు కూడిన సభలో చేసిన ప్రసంగ పాఠం)

అందరికీ నమస్కారం.

పిల్లల రచయిత్రి అనగానే మనకి ఒక రూపం కళ్లముందుకొస్తుంది. నెరిసిన జుట్టు, మెత్తటి గొంతు, కథ చివర ఒక నీతి. ఇవాళ నేను మాట్లాడబోయే ఆస్ట్రిడ్ లిండ్‌గ్రెన్‌కి జుట్టు నెరిసిన మాట నిజమే, ఎందుకంటే తొంభై నాలుగేళ్లు బతికారు. నీతి మాత్రం ఆవిడ పిల్లలకి చెప్పలేదు. నాలుగు మాటలు గట్టిగా చెప్పాల్సి వచ్చినప్పుడు పెద్దవాళ్లని నిలబెట్టి చెప్పారు. నేను ఇవాళ చెప్పేదంతా ఈ ఒక్క సంగతి గురించే.

స్వీడన్‌లో 2015 నుంచి ఇరవై క్రోనాల నోటు మీద ఉన్నది ఆవిడ బొమ్మే. అంతకుముందు ఆ నోటు మీద ఉన్నది సెల్మా లాగర్‌లోఫ్. సాహిత్యంలో నోబెల్ బహుమతి అందుకున్న మొదటి మహిళ, 1909లో. ఇందులో ఒక తమాషా ఉంది. ఆస్ట్రిడ్ పదమూడేళ్ల పిల్లగా ఉన్నప్పుడు బళ్లో రాసిన వ్యాసం ఒకటి ఊరి పేపర్లో పడింది. దాంతో తోటివాళ్లు "మన ఊరి సెల్మా లాగర్‌లోఫ్ వస్తోందిరోయ్" అన్న ధోరణిలో ఏడిపించారు. ఆ పిల్లకి రోషం వచ్చి, ఇంక జన్మలో రచయిత్రిని కాను అని ఒట్టు పెట్టుకుంది. ఆ తర్వాత ఇరవయ్యేళ్లకు పైగా ఆవిడ పేరుతో పుస్తకం రాలేదు. చివరికి ఎవరి పేరు పెట్టి ఏడిపించారో ఆవిడ బొమ్మ తీసేసి, నోటు మీద ఈవిడ బొమ్మ వేశారు.

ఆవిడది దక్షిణ స్వీడన్‌లో స్మోలాండ్ అనే ప్రాంతం. రాళ్లూ అడవులూ ఎక్కువ, సాగుకి లొంగే నేల తక్కువ. అక్కడ విమ్మర్‌బీ అనే చిన్న పట్నం పక్కన నేస్ అని ఒక పొలం. చర్చికి చెందిన భూమి. ఆస్ట్రిడ్ నాన్న సామ్యూల్ ఆగస్ట్ దాన్ని కౌలుకి చేసేవాడు. 1907 నవంబర్ 14న ఆమె అక్కడే పుట్టింది. ఒక అన్న, ఇద్దరు చెల్లెళ్లు. పొలం పనుల్లో పిల్లలు కూడా చెయ్యి వెయ్యాల్సిందే. ఆ పని అయ్యాక మాత్రం ఎవరూ అడిగేవారు కాదు. చెట్ల మీదా గడ్డివాముల్లోనూ ఆటే ఆట. అలా ఆడి ఆడి మేం ప్రాణాలతో ఎలా మిగిలామో ఆశ్చర్యమే అని పెద్దయ్యాక అనేవారు.

మొదటి కథ విన్నది ఎక్కడో తెలుసా? సొంత ఇంట్లో కాదు. ఆ పొలంలో పశువుల్ని చూసుకునే పాలేరు ఇంట్లో, వాళ్ల వంటగదిలో. ఆ పాలేరు కూతురు ఎడిత్ ఒక రాక్షసుడూ ఒక దేవకన్యా ఉన్న కథ పైకి చదివి వినిపించింది. తన లోపల ఏదో కదిలిందనీ, అది మళ్లీ ఎప్పుడూ ఆగలేదనీ ఆస్ట్రిడ్ చాలాచోట్ల చెప్పుకున్నారు. ఇంట్లో అల్మరా నిండా పుస్తకాలుంటే తప్ప పిల్లలకి చదువు మీద ఇష్టం పుట్టదని బెంగపెట్టుకునే తల్లిదండ్రుల కోసం ఇది చెబుతున్నాను. అక్కడ ఉన్నది ఒక పుస్తకం, పైకి చదివే ఒక అక్క. అంతే.

ఇక్కడి నుంచి కథ పిల్లల కథ కాదు. కొంచెం ఓపిగ్గా వినండి.

బడి చదువయ్యాక 1924లో ఆస్ట్రిడ్ ఆ ఊరి పేపర్లోనే ట్రైనీగా చేరారు. ఆ సంపాదకుడు పెళ్లయినవాడు, ఆమెకంటే ముప్పయ్యేళ్లు పెద్ద. పద్దెనిమిదేళ్లకి ఆమె గర్భవతి అయ్యారు. 1926 నాటి చిన్న పట్నం. ఎవరు ఎక్కడ ఏం మాట్లాడుకుని ఉంటారో మీరు ఊహించుకోగలరు, మన ఊళ్లకీ ఆ ఊరికీ ఈ విషయంలో పెద్ద తేడా లేదు. అతను పెళ్లి చేసుకుంటానన్నాడు. ఆమె ఒప్పుకోలేదు. బిడ్డ కావాలి, ఆ మనిషి అక్కర్లేదు. ఆ వయసులో అంత తెగింపు!

స్టాక్‌హోమ్‌కి వెళ్లిపోయి టైపు, షార్ట్‌హ్యాండ్ నేర్చుకున్నారు. తండ్రి పేరు బయటపెట్టకుండా పురుడు పోసే ఆసుపత్రి కోపెన్‌హాగెన్‌లో ఒకటుంటే, ఆ పొరుగు దేశం వెళ్లి 1926 డిసెంబర్ 4న కొడుకుని కన్నారు. లార్స్ అని పేరు, ముద్దుగా లాస్సె. వాణ్ని అక్కడే ఒక పెంపుడుతల్లి దగ్గర ఉంచి తిరిగి ఉద్యోగానికి రావాల్సి వచ్చింది. మూడేళ్లు. స్టెనో జీతంలో మిగిల్చి, టికెట్టుకి సరిపోయినప్పుడల్లా రాత్రి రైలెక్కి బిడ్డని చూసి రావడం. పెంపుడుతల్లికి జబ్బు చేసి ఇంక చూడలేనన్నాక, 1930లో పిల్లవాణ్ని తెచ్చుకున్నారు. కొన్నాళ్లు నేస్‌లో అమ్మమ్మ తాతయ్యల దగ్గర పెరిగాడు. 1931లో ఆమె స్టురె లిండ్‌గ్రెన్‌ని పెళ్లి చేసుకున్నారు, అప్పుడుగానీ లాస్సెకి సొంత ఇల్లు కుదరలేదు. 1934లో కూతురు కారిన్ పుట్టింది.

ఆ మూడేళ్లే ఆవిడ రచనలకి పునాది అని నా నమ్మకం. ఆవిడ పుస్తకాల్లో ఒంటరి పిల్లలు, ముఖ్యంగా మగపిల్లలు, మళ్లీ మళ్లీ వస్తారు. 1954లో వచ్చిన "మియో, మై సన్"లో, పెంచుకున్నవాళ్ల ప్రేమ దొరకని పిల్లవాడు స్టాక్‌హోమ్ పార్కులో ఒక బెంచీ మీద కూర్చుని ఉంటాడు. చుట్టూ ఇళ్లలో దీపాలు వెలుగుతుంటాయి, అందరి పిల్లలూ నాన్నలతో భోజనాలకి కూర్చుని ఉంటారు. ఆ బెంచీ మీంచి వాడు దూరదేశానికి వెళతాడు, అక్కడ వాళ్ల నాన్న రాజు. ఇది ఒట్టి సాహసకథ అనుకుని చదివితే పిల్లలకి సరిపోతుంది. లాస్సె సంగతి తెలిసి చదివితే పెద్దవాళ్లకి గొంతు పట్టేస్తుంది.

సరే, పిప్పి దగ్గరికి వద్దాం. ఆవిణ్ని ప్రపంచానికి తెలియజేసింది పిప్పి లాంగ్‌స్టాకింగ్ అనే పిల్ల కథలే.

1941 చలికాలంలో ఏడేళ్ల కారిన్ నిమోనియాతో మంచం పట్టింది. రోజూ కథ కావాలి. ఒకరోజు తల్లి విసిగి, ఏం కథ చెప్పనే అంటే, "పిప్పి కథ చెప్పు" అంది. ఆ పేరు అప్పటికప్పుడు పిల్ల నోట్లోంచి ఊడిపడింది. పేరు వింతగా ఉంది కాబట్టి మనిషీ వింతగానే ఉండాలి కదా. అలా పుట్టిన పిప్పికి తొమ్మిదేళ్లు. ఎర్ర జడలు రెండూ అటూ ఇటూ నిక్కి ఉంటాయి. తల్లి లేదు, తండ్రి ఓడ కెప్టెన్, ఎక్కడో సముద్రంలో. ఒక గుర్రం, ఒక కోతి, ఒక పెట్టె నిండా బంగారు నాణేలు. ఒక్కతే ఉంటుంది. గుర్రాన్ని చేతుల మీద ఎత్తేస్తుంది. దిండు మీద కాళ్లు పెట్టుకుని పడుకుంటుంది. అనాథాశ్రమానికి తీసుకెళ్లడానికి వచ్చిన పోలీసులని ఆడించి ఆడించి బయట పెడుతుంది. బడికి ఎందుకు వెళ్లిందంటే, మిగతా పిల్లలకి క్రిస్మస్ సెలవలొస్తున్నాయి, తనకి రావట్లేదు. అదన్నమాట అన్యాయం.

1944లో ఆస్ట్రిడ్ మంచు మీద జారి పడి చీలమండ బెణికింది. మంచం మీద ఊరికే ఉండలేక ఇన్నాళ్ల కథలన్నీ షార్ట్‌హ్యాండ్‌లో దించి, తర్వాత టైపు చేసి, మే నెలలో కారిన్ పదో పుట్టినరోజుకి ఇచ్చారు. ఇంకో కాపీ స్వీడన్‌లో పేరున్న బోనియర్స్ అనే ప్రచురణ సంస్థకి పంపారు. పిల్లల సంక్షేమ కమిటీకి నా మీద ఫిర్యాదు చెయ్యరనే ఆశతో పంపుతున్నాను అని ఉత్తరంలో రాశారు. వాళ్లు తిప్పి పంపారు. ఆ తర్వాత రాబెన్ అండ్ షోగ్రెన్ అనే చిన్న సంస్థ పోటీ పెడితే, 1945లో పిప్పికి మొదటి బహుమతి వచ్చింది. అప్పటికి కష్టాల్లో ఉన్న ఆ సంస్థని ఆ పుస్తకమే నిలబెట్టింది. అన్నట్టు, మన దగ్గర రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావు గారు "బాల" పత్రిక మొదలుపెట్టింది కూడా 1945లోనే.

అది యుద్ధకాలమని మర్చిపోకండి. ఆ రోజుల్లో ఆవిడ ప్రభుత్వం తరఫున ఉత్తరాలు సెన్సార్ చేసే విభాగంలో పనిచేశారు. రాత్రుళ్లు ఇంకొకరి ఉత్తరాలు చదవడం. ఎవరి కొడుకు ఎక్కడ పోయాడో, ఎవరిని ఎక్కడికి తరలించారో అన్నీ కంటబడేవి. ఇంట్లో యుద్ధం గురించి డైరీలు రాసుకునేవారు, అవి ఆవిడ పోయాక 2015లో అచ్చయ్యాయి. యూరప్ అంతా బలమున్నవాడు లేనివాణ్ని తొక్కుతున్న రోజుల్లో, ఈవిడ ఊహలో ప్రపంచంలోకెల్లా బలమైన పిల్ల పుట్టింది. ఆ పిల్ల ఆ బలాన్ని ఎవరినీ బాధపెట్టడానికి వాడదు. చిన్నవాళ్లని ఏడిపించే మొనగాణ్ని చెట్టు కొమ్మ మీద వేలాడదీస్తుంది, అంతే.

పుస్తకం పిల్లలకి తెగ నచ్చింది. పెద్దవాళ్లలో కొందరికి ఒళ్లు మండింది. 1946లో ఒక ప్రొఫెసర్, పేరున్న విమర్శకుడు, పేపర్లో ఏకిపారేశాడు. మామూలు పిల్లలెవరూ పార్టీలో కేకంతా ఒక్కళ్లే తినెయ్యరు, నేల మీద చక్కెర పోసి ఉత్త కాళ్లతో నడవరు అని. దానికి ఆవిడ అన్నమాట బాగుంటుంది. నిజమే, మామూలు పిల్లలు గుర్రాన్ని కూడా ఎత్తరు. గుర్రాన్నెత్తే పిల్ల కేకు తినలేదా!

పిప్పిలో నాకు ఇబ్బంది అనిపించే భాగం లేకపోలేదు. తండ్రి దక్షిణ సముద్ర దీవుల్లో నల్లవాళ్లకి రాజయ్యాడని రాయడం. ఆ కాలం యూరప్ చూపు అది. 2015 స్వీడిష్ ముద్రణలో ఆ మాట మార్చారు. మార్చడం మంచిదేనని నా ఉద్దేశం. తొమ్మిదేళ్ల పిల్లలు ఫుట్‌నోట్లు చదవరు కదా.

ఆవిడ ఉద్యోగ జీవితం గురించి ఒక్క మాట. రచయిత్రి అయ్యాక కూడా 1946 నుంచి 1970 దాకా, పిప్పిని అచ్చు వేసిన రాబెన్ అండ్ షోగ్రెన్‌లోనే పిల్లల పుస్తకాల సంపాదకురాలిగా పనిచేశారు. పొద్దున్నే మంచంలోనే షార్ట్‌హ్యాండ్‌లో సొంత రచన, మధ్యాహ్నం ఆఫీసుకెళ్లి ఇతరుల రాతప్రతులు. ఆ షార్ట్‌హ్యాండ్ ప్యాడ్లు ఆరు వందలకు పైగా ఇప్పటికీ స్టాక్‌హోమ్‌లోని జాతీయ గ్రంథాలయంలో ఉన్నాయి. 1952లో భర్త పోయాక మళ్లీ పెళ్లి చేసుకోలేదు. దాలాగాటన్ వీధిలో ఒక అపార్ట్‌మెంట్‌కి 1941లో మారారు, 2002 జనవరి 28న పోయేదాకా అందులోనే ఉన్నారు. అంత పేరొచ్చాక కూడా ఇల్లు మార్చలేదు.

మన పిల్లలకి అన్నిటికన్నా బాగా పట్టేది ఎమిల్ అనుకుంటాను. 1963లో మొదలైన కథలు. పాత కాలపు స్మోలాండ్ పల్లె, అల్లరి పిల్లవాడు, కోపిష్టి తండ్రి. సూపు గిన్నె అడుగున మిగిలింది నాకుదామని తల దూర్చేస్తే గిన్నె తలకి పట్టేస్తుంది. అల్లరి చేసినప్పుడల్లా తండ్రి కొట్లో పెట్టి తలుపేస్తాడు, వాడు అక్కడ కూర్చుని చెక్కబొమ్మలు చెక్కుకుంటాడు. ఊరివాళ్లు చందాలేసుకుని, వీణ్ని అమెరికా పంపించెయ్యండని డబ్బు తీసుకొస్తారు. తల్లికి చెప్పలేనంత కోపం వస్తుంది. ఇందులో చాలా సంగతులు ఆస్ట్రిడ్ వాళ్ల నాన్న తన చిన్నతనం గురించి చెప్పినవే. రచయిత్రి ఎక్కడా ఎమిల్‌ని మంచి పిల్లాడిగా మార్చదు. వాడు పెద్దయ్యాక ఊరి పాలకమండలికి అధ్యక్షుడయ్యాడని మధ్యలో ఒకచోట అని ఊరుకుంటుంది. అల్లరి తగ్గినందువల్ల అయ్యాడని చెప్పదు.

ఇప్పుడు పెద్దవాళ్లకి పడ్డ చురకలు.

మొదటిది పన్ను గొడవ. 1976లో స్వీడన్ పన్నుల చట్టం ఎలా ఉండేదంటే, ఆవిడలాంటి స్వతంత్ర రచయితలు ఆదాయపు పన్నుతో పాటు యజమానులు కట్టాల్సిన సామాజిక భద్రత వాటా కూడా తామే కట్టుకోవాలి. రెండూ కలిపితే, ఆవిడ అదనంగా సంపాదించే ప్రతి వందకీ నూటరెండు కట్టాలని తేలింది. సంపాదించకపోతే రెండు మిగులుతాయన్నమాట. ఆవిడ ఏం చేశారు? అర్జీ పెట్టలేదు. మార్చిలో ఎక్స్‌ప్రెసెన్ అనే పేపర్లో ఒక కథ రాశారు. మోనిస్మానియా అనే దేశంలో పోంపెరిపోసా అనే పిల్లల రచయిత్రి ఉండేది అని మొదలవుతుంది. దేశమంతా నవ్వింది. ఆర్థికమంత్రి గున్నార్ స్ట్రెంగ్ పార్లమెంటులో, ఆవిడకి కథలు చెప్పడం వచ్చుగానీ లెక్కలు రావన్నాడు. లెక్కలు నాకు వచ్చు, కథలు చెబుతున్నది మంత్రిగారు, మేమిద్దరం ఉద్యోగాలు మార్చుకుంటే సరి అని ఈవిడ జవాబు. లెక్క ఆవిడదే కరెక్టని తేలింది. ఆ సెప్టెంబర్ ఎన్నికల్లో నలభై ఏళ్ల పైబడి అధికారంలో ఉన్న సోషల్ డెమొక్రాట్లు ఓడిపోయారు. ఆవిడ కథవల్లే ఓడిపోయారని చాలామంది చెబుతారు. నేనైతే అంత దూరం వెళ్లను, అణువిద్యుత్ గొడవ కూడా ఆ ఎన్నికల్లో పెద్ద విషయమే. విశేషం ఏమిటంటే ఆవిడ కూడా మొదట్నుంచీ ఆ పార్టీ మనిషే. సొంతవాళ్లు తప్పు చేశారనే మండింది.

రెండోది నాకు ముఖ్యమైనది. 1978లో జర్మనీ పుస్తక ప్రచురణకర్తలూ విక్రేతలూ ఏటా ఇచ్చే శాంతి బహుమతి ఆవిడకి ప్రకటించారు. ఫ్రాంక్‌ఫర్ట్‌లో సభ. ప్రసంగం ముందే పంపమన్నారు, పంపారు. చదివిన నిర్వాహకులకి టెన్షన్ పట్టుకుంది. ప్రసంగం వద్దు, బహుమతి అందుకుని కృతజ్ఞతలు చెబితే చాలన్నారు. అలాగైతే నేను రానే రాను అన్నారు ఆవిడ. చివరికి వాళ్లే దిగొచ్చారు. సభవాళ్లు మొహమాటపెడితే రెండు ముక్కలు మాట్లాడి శాలువా కప్పించుకుని వచ్చేయడం మనకి బాగా అలవాటు కదా, అందుకే ఇది ప్రత్యేకంగా చెబుతున్నాను.

ఆ ప్రసంగం సారాంశం ఇది. మీరంతా దేశాల మధ్య శాంతి గురించి మాట్లాడుతున్నారు. మరి ఇంట్లో? రేపు దేశాల తలరాత రాసేవాళ్లు ఇవాళ పిల్లలు. దెబ్బలతో పెరిగిన పిల్లలకి దెబ్బలే దారి అని తెలుస్తుంది. ఆ మాట చెబుతూ, ఒక వృద్ధురాలు తనకి చెప్పిన సంగతి వినిపించారు. ఆవిడ పడుచు తల్లిగా ఉన్న రోజుల్లో బెత్తం లేకపోతే పిల్లలు చెడిపోతారని అందరూ నమ్మేవారు. ఒకరోజు కొడుకు ఏదో తప్పు చేశాడు. నువ్వే వెళ్లి బెత్తం వెతికి తెచ్చుకో అంది. వాడు చాలాసేపటికి ఏడుస్తూ తిరిగొచ్చాడు. "బెత్తం దొరకలేదమ్మా, ఈ రాయి దొరికింది, దీంతో కొట్టు" అని చెయ్యి చాపాడు. అమ్మ నన్ను బాధపెట్టాలనుకుంటోంది, అలాంటప్పుడు రాయైనా ఒకటే కదా అని వాడి లెక్క. ఆ తల్లి వాణ్ని ఒళ్లోకి తీసుకుని తనూ ఏడ్చింది. ఆ రాయిని వంటింటి అరలో అందరికీ కనపడేలా పెట్టుకుంది.

మరుసటేడు, 1979లో, పిల్లల్ని కొట్టడం ఇంట్లో కూడా కూడదని చట్టం చేసిన మొదటి దేశం అయింది స్వీడన్. ఈ ప్రసంగం వల్లే చట్టం వచ్చిందనడం సరి కాదు, అక్కడ ఆ పని అప్పటికే మొదలైంది. కానీ ఆ చర్చలో ఆవిడ గొంతు బలంగా వినిపించింది. చట్టం చేసి ఊరుకోలేదు వాళ్లు. పొద్దున్నే ఇంటిల్లిపాదీ టిఫిను బల్ల దగ్గర చదువుకునేలా ఆ సంగతి పాల ప్యాకెట్ల మీద అచ్చు వేయించారు. జర్మనీకి అలాంటి చట్టం 2000లో గానీ రాలేదు.

మనకి? విద్యాహక్కు చట్టం 2009లో వచ్చింది. పదిహేడో సెక్షన్ ప్రకారం బడిలో పిల్లల్ని కొట్టకూడదు, మానసికంగా హింసించకూడదు. ఇక్కడ కూర్చున్నవాళ్లలో గోడకుర్చీ వెయ్యనివాళ్లు, తొడపాశం తిననివాళ్లు, కోదండం చూడనివాళ్లు ఎంతమంది ఉంటారు? "దండం దశగుణం భవేత్" అని నవ్వుతూ చెప్పుకుంటాం. మా మాస్టారు కొట్టారు కాబట్టే ఇంతవాణ్నయ్యానని స్టేజీల మీద చెబుతాం. ఆ దెబ్బలకి భయపడి బడి మానేసినవాళ్లని స్టేజీల మీదికి ఎవరూ పిలవరు, అందుకని వాళ్ల మాట మనకి వినపడదు. చట్టం బడి గుమ్మం దగ్గరే ఆగింది. ఇంట్లో సంగతి ఇంకా మన చేతుల్లోనే ఉంది.

ఆవిడ అక్కడితో ఆగలేదు. ఎనభయ్యోపడిలో పడుతూ, ఒక పశువైద్యురాలితో కలిసి, ఫారాల్లో ఇరుకున కట్టేసి పెంచే ఆవులు, పందులు, కోళ్ల గురించి వరసగా పేపర్లలో రాశారు. 1988లో వచ్చిన జంతు సంక్షేమ చట్టాన్ని ఆవిడ పేరుతోనే పిలిచారు. ఎనభయ్యో పుట్టినరోజుకి ప్రధాని ఆ కబురు మోసుకొచ్చాడు. చట్టం పూర్తిగా వచ్చాక చదివి, ఇందులో పస లేదని పెదవి విరిచారు ఆవిడ. కానుక ఇచ్చింది ప్రధాని అని కూడా చూడలేదు.

చివరగా, ఏ పుస్తకంతో మొదలుపెట్టాలని పొద్దున్న ఇద్దరు ముగ్గురు అడిగారు. ఇంగ్లీషు అనువాదాలు దొరుకుతాయి. ఆరేడేళ్ల పిల్లలుంటే ఎమిల్. పక్కన కూర్చుని మీరే తెలుగులో చెప్పుకుంటూ పోవచ్చు, ఆ పల్లె మన పల్లెలాగే ఉంటుంది. ఎనిమిది తొమ్మిదేళ్లకి పిప్పి. "ద బ్రదర్స్ లయన్‌హార్ట్" మాత్రం ముందు మీరు చదవండి. 1973లో వచ్చింది. మొదటి పేజీల్లోనే చావు ఉంటుంది, జబ్బుతో మంచం పట్టిన తమ్ముడూ, వాణ్ని మోస్తూ కిటికీలోంచి దూకిన అన్నా. పిల్లలకి చావు గురించి రాస్తారా అని అక్కడ కూడా గొడవ చేశారు. పిల్లలేమో తర్వాత ఏమైందో రాయమని ఆవిడకి ఉత్తరాలు రాశారు. చదివాక మీ పిల్లలు ప్రశ్నలు అడుగుతారు. "నువ్వు చిన్నపిల్లవి, నీకెందుకు" అనకుండా జవాబు చెప్పే ఓపిక ఉన్న రోజున ఆ పుస్తకం తీయండి.

నాకిచ్చిన టైమ్ దాటిపోయినట్టుంది. అడగాల్సినవి అడగండి. ముందు వరసలో పిల్లలున్నారు, మైకు మొదట వాళ్లకివ్వండి.